ఇన్వర్టరు గదిలో గాలి

ఆదోని నుంచి వచ్చిన బస్సు నన్ను మట్టిరోడ్డు మొదట్లో దించి వెళ్ళిపోయింది. మే నెల. మధ్యాహ్నం రెండున్నర. భుజాన సంచి, చేతిలో చుట్టిన పరుపు, ఒక ఇనుప ట్రంకు. నీడ కోసం చూశాను. కనుచూపు మేరలో చెట్టు లేదు. నేలంతా వరసలు వరసలుగా సోలారు పలకలు, దక్షిణానికి వాలి నిలబడి ఉన్నాయి. వాటి కింద నీడ ఉంది. అక్కడ కూర్చోకూడదని బోర్డు కూడా ఉంది.

పదిహేడేళ్ళు పదాతి దళంలో చేసి హవల్దారుగా దిగినవాణ్ణి. మాది మైదుకూరు పక్కన పల్లె. సైన్యం నుంచి దిగిన వాళ్ళను కాపలాకు పంపే ఏజెన్సీ ఒకటి నాకు ఈ పోస్టింగు ఇచ్చింది. ఇదేం డ్యూటీ, సరిహద్దు కాదు కదా అని మీరనుకోవచ్చు. మా ఊళ్ళో కూడా నవ్వారు. నేను రాజస్థాన్ ఇసుకలో రెండు వేసవులు చేశాను. కొండల మీద మంచులోనూ చేశాను. అక్కడెక్కడా నా పక్కవాడు ఊపిరాడక నా చేతుల్లో వాలిపోలేదు. ఇక్కడ వాలిపోయాడు, అదీ దుమ్ము వల్ల. అందుకే ఈ డ్యూటీ సంగతే చెబుతాను. కోపంగానే చెబుతాను, నాకు వేరే రకంగా చెప్పడం చేతకాదు.

గేటు దగ్గర మాకు ఇచ్చిన ఇల్లు ఒక కంటైనరు. ఓడల్లో సరుకులు తెచ్చే ఇనుప పెట్టె. ఒక పక్క తలుపు కోసి, ఇంకో పక్క కిటికీ కోసి, కిటికీకి కూలరు బిగించి, రెండు మంచాలు వేశారు. తలుపు కింద వేలు దూరేంత సందు. ఒక మంచం మీద దుప్పటి ముడత లేకుండా లాగి కట్టి ఉంది. దాన్ని చూడగానే ఇక్కడున్నది మనవాడే అనుకున్నాను.

"రాప్పా, రా. యాడ చేసినావు?"

"ఇన్‌ఫాంట్రీ అన్నా. నువ్వు?"

"డ్రైవర్ని. లడాఖ్‌కు లారీలు తోలినోణ్ణి. ఆ మంచం నీదే. దుప్పటి సరిగ్గా కట్టుకోవల్ల, నాకు గలీజు పడదు."

ఆయనది పత్తికొండ వైపు. నాకంటే పెద్ద. డ్రైవరన్నా అని పిలిచేవాణ్ణి. పగలు గేటు ఆయనది, లోపల కిలోమీటరున్నర దూరంలో రెండో పోస్టు నాది. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు. చేతికి వాకీటాకీ, లాఠీ, విజిల్. ఉత్తర్వులు మూడే. పోస్టు వదలొద్దు. పలకల కేబుళ్ళు ఎవరూ కోయకుండా చూడండి. ట్యాంకరు నీళ్ళు ముట్టుకోవద్దు.

ఆ నీళ్ళు పలకలవి. పలకల మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుంది. అందుకని రోజూ ట్రాక్టరు ట్యాంకర్లు వచ్చేవి. పక్క ఊరి ఆడవాళ్ళు పొడుగాటి బ్రష్షులతో వరస వెంట వరస కడిగేవాళ్ళు. వాళ్ళ మేస్త్రీ ఈరమ్మ. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. మొదటి రోజే నన్ను పట్టుకుంది.

"ఏమప్పా మిల్ట్రీ, చూస్తాండావా? పెండ్లికూతురికి గూడ ఇన్ని నీల్లు పొయ్యరు. మా ఊర్లో బిందె నీల్లకు కొట్టుకుంటాండారు."

మాకు రోజుకు మనిషికి ఒక బకెట్టు. స్నానం, బట్టలు, గిన్నెలు అన్నీ అందులోనే. తాగడానికి ఒక క్యాను.

ఇక దుమ్ము. అక్కడ ఒకప్పుడు ఆముదం, కొర్ర వేసిన చేలు, గట్ల మీద తుమ్మలు, రేగు పొదలు ఉండేవని ఈరమ్మ చెప్పేది. పలకలు నాటడానికి అన్నీ పెరికి, నేలంతా చదును చేశారు. తర్వాత గడ్డి మొలిచినా కోయించారు. కట్టి పట్టుకునే వేరు లేకపోతే మన్ను ఎక్కడుంటుంది? గాలి కాస్త లేస్తే చాలు, చేయి చాపితే చేయి కనపడదు.

రాజస్థాన్‌లో మాకు ఒక సుబేదారు ఉండేవాడు. గాలిదుమారం అణిగాక బంకర్లో ఎవడైనా పొడి చీపురు పట్టుకుంటే ఆ చీపురుతోనే కొట్టేవాడు. తుపానుకు ముందే తలుపుకు తడిపిన గోనెపట్టా వేలాడదీయాలి. సందుల్లో తడిగుడ్డలు దూర్చాలి. అయిపోయాక తొందరపడకూడదు. కంటికి కనపడే మన్ను కింద పడినా, కనపడనిది చాలాసేపు గాల్లోనే ఉంటుంది, ఊపిరితిత్తుల అడుగుకు పోయేది అదే. అది అణిగాక తడిగుడ్డతో లోపలి మూల నుంచి తలుపు వైపు తుడవాలి. దుప్పట్లు బయట, గాలికి వీపు పెట్టి నిలబడి దులపాలి. ఇందులో పెద్ద చదువేమీ లేదు. కావలసింది బకెట్టు నీళ్ళు, కాస్త ఓపిక.

మూడో నాడో నాలుగో నాడో డ్రైవరన్న దిండు కింద నీలం రంగు ఇన్‌హేలరు చూశాను. ఆయన గబుక్కున లాక్కున్నాడు.

"ఎవురికీ చెప్పొద్దప్పా. మెడికల్లో పడగొడ్తారు."

"ఇది పటాలం కాదన్నా."

"యాడైనా అంతే. ఆయాసమని తెలిస్తే ఇంటికి పొమ్మంటారు."

మీకు ఈ భయం తెలియకపోవచ్చు. సైన్యంలో మెడికల్ కేటగిరీ దిగితే మనిషి సగం అయిపోయినట్టే. ప్రమోషను ఉండదు, మంచి పోస్టింగు ఉండదు. అందుకని మోకాలు అరిగినా, చెవి వినపడకపోయినా దాచుకుంటాం. దిగి ఏళ్ళయినా ఆ దాచుకునే అలవాటు పోదు. నాకు ఒళ్ళు మండింది, కానీ నోరు మూసుకున్నాను.

మరునాడు సైటు ఇంజినీరు దగ్గరికి వెళ్ళాను. కోస్తా వైపు కుర్రవాడు. మర్యాదగా మాట్లాడతాడు. పొలం మధ్యలో తెల్లటి ఇన్వర్టరు గది దగ్గర ఉన్నాడు. పలకల్లో పుట్టిన కరెంటును గ్రిడ్డుకు పనికొచ్చేలా మార్చే యంత్రాలు అందులో ఉంటాయి. రెండు తలుపులు, వాటి అంచులకు రబ్బరు పట్టీలు, గోడకు ఫిల్టర్లు, లోపల ఏసీ.

"దుమ్ము లోపలికి పోతే బోర్డులు పాడవుతాయి సార్," అన్నాడు. "అందుకే లోపల ఎప్పుడూ వడగట్టిన గాలి నింపి ఉంచుతాం. సందుంటే లోపలి గాలి బయటికి పోతుందిగానీ బయటిది లోపలికి రాదు. తుపాను వచ్చిందంటే ఫిల్టర్లు వెంటనే మార్చాల్సిందే."

"మంచిదే సార్. మా కంటైనరు తలుపుకు ఒక రబ్బరు పట్టీ వేయించండి. తుడుచుకోవడానికి రోజుకు రెండు బకెట్లు ఎక్కువ ఇప్పించండి. మాస్కులు కూడా."

"పైవాళ్ళతో మాట్లాడతాను సార్. బడ్జెట్లో లేదు."

చూశారా, తెలియక కాదు. దుమ్ము ఎక్కడ దూరుతుందో, ఏం పాడు చేస్తుందో, ఎలా ఆపాలో ఆ కంపెనీలో అందరికీ తెలుసు. అంత చక్కగా తెలిసిన సంగతిని యంత్రం దాకా తీసుకెళ్ళి అక్కడ ఆపేశారు. నాకు ఇప్పటికీ కోపం అందుకే.

జూన్ మొదట్లో ఒక రోజు. పొద్దున్నుంచీ గాలి లేదు. పోస్టులో ఇనుప కుర్చీ ముట్టుకుంటే చురుక్కుమంది. మధ్యాహ్నం మూడు దాటాక వాకీటాకీ గరగరలాడింది.

"పోస్టు రెండు, పోస్టు రెండు. గేటు మాట్లాడతాండా."

"చెప్పన్నా."

"పడమర చూడప్పా. ఎర్రగ లేసింది."

చూశాను. పడమటి గుట్టలు లేవు. వాటి చోట నేల నుంచి ఆకాశం దాకా ఎర్రటి గోడ, మా వైపు వస్తోంది.

"తలుపు మూసుకో అన్నా. సందుల్లో తడిగుడ్డలు దూర్చు. కూలరు ఆపు."

"కూలరు ఆపితే ఉడికి సస్తాం గదప్పా."

"ఆపు. అది బయట దుమ్మంతా పీల్చి లోపల కొడ్తాది."

"సరేలే, ఆపుతాండా."

ఇంకో నిమిషానికి వచ్చేసింది. నేను పోస్టు గది మూలలో గోడకు ముఖం తిప్పి, తడి టువ్వాల ముక్కుకు కట్టుకుని కూర్చున్నాను. పగలు చీకటైంది. రేకులు కొట్టుకున్నాయి. పళ్ళ మధ్య మన్ను కరకరలాడింది. ముప్పావు గంట. తర్వాత గాలి తగ్గింది. పసుపు పచ్చటి వెలుతురు. అంతటా ఒకటే రంగు, నా చేతులతో సహా.

వాకీటాకీలో ఇంజినీరు గొంతు.

"అన్ని పోస్టులకూ. రేపు పొద్దున హెడ్డాఫీసు నుంచి పెద్దసారు వస్తున్నారు. గేటు క్యాబిను నీట్‌గా ఉండాలి, ఎక్కడా దుమ్ము కనపడకూడదు. ట్యాంకరు నీళ్ళు ప్యానెళ్ళకే. ఎవరూ ముట్టుకోవద్దు. ఓవర్."

తనిఖీ అనే మాట వింటే పాత సిపాయి ఏం చేస్తాడో నాకు తెలుసు.

"గేటు, పోస్టు రెండు. డ్రైవరన్నా, చీపురు పట్టుకోవద్దు. దుమ్ము ఇంకా గాల్లోనే ఉండాది. అణగనీ. తడిగుడ్డతో తుడుద్దాం."

"తడిగుడ్డకు నీల్లేవి? బకెట్లో ఉండేటివి సందులకే అయిపాయ." దగ్గు. "రేపు సారొచ్చేతలికి అద్దం మాదిరి పెడ్తా చూడు."

"అన్నా, వద్దు!"

"ఓవర్ అంటే ఓవరప్పా." నవ్వు, మళ్ళీ దగ్గు. వాకీటాకీ కట్టేశాడు.

నేను ఇంజినీరుకు చెప్పాను, గేటుకు వెళుతున్నానని. పోస్టు వదలొద్దన్నాడు. వదిలేశాను. ఉత్తర్వు మీరడం నాకు అదే మొదలు. మడమ దాకా మన్నులో దిగబడుతూ పరుగెత్తాను.

కంటైనరు తలుపు మూసి ఉంది. బయట గాలి తోస్తోందని, ఊడ్చింది మళ్ళీ లోపలికి వస్తుందని మూశాడు. తీశాను. లోపల పిండిమిల్లులా ఉంది. కూలరు తిరుగుతోంది. వేడికి తట్టుకోలేక మళ్ళీ వేసుకున్నాడు, దాని గడ్డి తడకల్లో ఇరుక్కున్న మన్నంతా లోపలికి చిమ్ముతోంది. పరుపులు దులిపాడు. దుప్పట్లు దులిపాడు. ఈత చీపురుతో నేలంతా ఊడ్చి ఒక మూల కుప్ప చేశాడు. రెండు మంచాల మీదా దుప్పట్లు ముడత లేకుండా కట్టాడు, నాది కూడా. ఆ మంచాల మధ్య నేల మీద, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి కూర్చుని ఉన్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. గొంతులో పిల్లనగ్రోవి పగిలినట్టు చప్పుడు. పెదవులు నీలంగా ఉన్నాయి. ఇన్‌హేలరు నొక్కుతున్నాడు, అందులోంచి ఏమీ రావడం లేదు.

"అయి... పాయప్పా."

చంకల కింద చేతులు వేసి బయటికి లాగాను. బయట మాత్రం ఏముంది, అదే దుమ్ము. ఆంబులెన్సుకు ఫోను చేశాను. రోడ్డు మీద స్తంభాలు పడ్డాయి, గంట పైనే పడుతుందన్నారు. ఆ గంటా ఈయన ఎక్కడ ఊపిరి తీసుకోవాలి? చుట్టూ కొన్ని మైళ్ళ మేర మనిషి పీల్చదగిన గాలి ఒక్క చోటే ఉంది. అది నాకు ఇంజినీరే చెప్పాడు.

ఆడవాళ్ళు గేటు పక్క రేకుల షెడ్డులోంచి బయటికి వస్తున్నారు. ట్యాంకరు ట్రాక్టరు అప్పుడే వచ్చి ఆగింది. ఈరమ్మ మమ్మల్ని చూసి పరుగెత్తుకొచ్చింది.

"ఏమాయ? ఏమాయప్పా?"

"ఆయాసం. ఇన్వర్టరు గదికి తీసకపోవల్ల."

ఈరమ్మ ఇంకో మాట అడగలేదు. ట్యాంకరు కొళాయి తిప్పి ఒక గోనెపట్టా, ఆయన టువ్వాల నిండా తడిపింది. ట్రాక్టరువాడు లబోదిబోమన్నాడు.

"ఆ నీల్లు ముట్టొద్దన్న్యారు గదక్కా!"

"నేను ముట్టినానని చెప్పు పో. ముందు బండి తిప్పు. మనిషి పోతాంటే నీల్ల లెక్క చెప్తాండావు!"

ట్రాక్టరు మడ్‌గార్డు మీద ఆయన్ని కూర్చోబెట్టి నేను పట్టుకున్నాను. తడి టువ్వాల ముక్కు ముందు పట్టుకుని, గోనెపట్టా గాలికి అడ్డంగా ఎత్తి ఈరమ్మ అవతల నిలబడింది. ఆయన నా చేతిని పట్టుకున్నాడు. స్టీరింగు పట్టుకుని బతికిన చేయి, నా వేళ్ళు నలిగిపోయాయి.

ఇన్వర్టరు గది ముందు ఇంజినీరు, ఒక మెకానిక్కు ఫిల్టర్లు మారుస్తున్నారు. ఇద్దరికీ మంచి మాస్కులు ఉన్నాయి.

"తలుపు తీయండి సార్."

"ఏంటి సార్ ఇది? ఇప్పుడు తలుపు తీస్తే దుమ్ము లోపలికి పోతుంది. ట్రిప్ అవుతుంది. మొత్తం ప్లాంటు ఆగిపోతుంది."

"ఆగనీ."

"నా ఉద్యోగం పోతుంది సార్!"

"ఈయన ప్రాణం పోతాంది. చూడు. కండ్లుండాయి గదా, చూడు!"

పదిహేడేళ్ళలో నేను ఏ అధికారినీ నువ్వు అనలేదు. ఆ రోజు అన్నాను. ఈరమ్మ ఇంకా గట్టిగా అంది, అది ఇక్కడ రాయలేను. ఇంజినీరు డ్రైవరన్న పెదవుల వైపు చూశాడు. తాళంచెవి తీశాడు. తలుపు తెరుచుకుంది.

లోపల చల్లగా ఉంది. నేల మెరుస్తోంది. ఏ వాసనా లేదు. ఒక ఊపిరి పీల్చాక తెలిసింది, నెల రోజులుగా నేను పీల్చింది గాలి కాదని. డ్రైవరన్నను గోడకు ఆనించి, ముందుకు వంచి కూర్చోబెట్టాను. ఈరమ్మ తడి చెంగుతో ఆయన ముఖం, ముక్కు తుడిచింది. యంత్రాలు హుమ్మని మోగుతున్నాయి. చాలాసేపు ఆ మోత, ఆయన గొంతులో చప్పుడు, రెండే వినపడ్డాయి. మెకానిక్కు తన లోపలి జేబులోంచి ఇన్‌హేలరు తీశాడు. వాడూ దాచుకునే బతుకుతున్నాడు. పీల్పించాం. మెల్లగా భుజాలు దిగాయి. పెదవుల నీలం తగ్గింది.

ఇంజినీరు ఫోను మోగింది. పైనుంచి. తలుపు తెరిచినట్టు వాళ్ళకు అలారం వెళ్ళింది. "ఫిల్టర్లు మారుస్తున్నాం సార్, అందుకే," అన్నాడు. ఆ అబద్ధానికి అతన్ని సగం క్షమించాను. మిగతా సగం ఇంకా నా దగ్గరే ఉంది.

ఆంబులెన్సు ఆరున్నరకు వచ్చింది. ఆక్సిజను పెట్టారు, నేనూ వెంట ఎక్కాను. ఆదోని, అక్కడి నుంచి కర్నూలు పెద్దాసుపత్రి. ఊపిరితిత్తులు ముందే దెబ్బతిని ఉన్నాయి, మూసిన గదిలో ఆ దుమ్ము రేపుకుని పీల్చడంతో పూర్తిగా బిగుసుకుపోయాయి అన్నాడు డాక్టరు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నాడు.

నేను పొద్దున సైటుకు తిరిగి వచ్చాను. మట్టిరోడ్డంతా తడిపి ఉంది, పెద్దసారు కారు మీద దుమ్ము పడకుండా. పలకలు తళతళలాడుతున్నాయి. కంటైనరును కూడా ట్యాంకరు పైపు పెట్టి లోపలా బయటా కడిగారు. మేం అడిగిన నీళ్ళు అక్కడే ఉన్నాయన్నమాట, సారు కళ్ళ కోసం. ఆయన దిగి గేటు చూసి, "కార్మికుల భద్రతే మాకు ముఖ్యం," అన్నాడు. ఒకడు ఫోటో తీశాడు.

"సార్," అన్నాను. "నిన్న ఈ పెట్టెలో మనిషి సచ్చిపోబోయినాడు. మీ మిషన్లు పీల్చే గాలి మాకు కూడా కావల్ల."

ఆయన ఇంజినీరు వైపు చూశాడు. ఇన్వర్టరు గదిలో కెమెరా ఉందట. మధ్యాహ్నానికి ఏజెన్సీ నుంచి ఫోను. పోస్టు వదిలినందుకు, అనుమతి లేని గది తెరిపించినందుకు నన్ను తీసేశారు. ప్లాంటు ఆగిందా అంటే, ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ట్రంకు, పరుపు, సంచి. ఈరమ్మ రోడ్డు దాకా వచ్చింది. బస్సు వచ్చేదాకా కంపెనీని తిడుతూనే ఉంది, నాకు బాగుండింది.

ఇంటికొచ్చాను. ఆషాఢం గాలి మా వైపూ లేచింది. మొదటి దుమారం అణగ్గానే నా భార్య చీపురు పట్టుకుంది. లాక్కుని మిద్దె మీదికి విసిరేశాను. వీధి వీధంతా గుమ్మాల్లో చీపుళ్ళు ఆడిస్తోంది, పిల్లలు ఆ దుమ్ములోనే తిరుగుతున్నారు, ముసలివాళ్ళు మంచాల మీద దగ్గుతున్నారు. ఇల్లిల్లూ తిరిగి అరిచాను. కాసేపు ఆగండి, తడిపి తుడవండి, కూలరు తడకలు కడగనిదే వేయొద్దు, ఆయాసం ఉన్నవాళ్ళ మందు ఉందో లేదో ముందే చూసుకోండి. "మిల్ట్రీ ఆయప్పకు పిచ్చి లేసింది" అన్నారు. అననీండి. మీకు తడిగుడ్డకు బకెట్టు నీళ్ళు ఉన్నాయి, దాన్ని ముట్టుకోవద్దనే పెద్దసారు ఎవడూ లేడు. అయినా పొడి చీపురే పడితే మీ మీద కూడా నాకు కోపమే.

డ్రైవరన్న బతికే ఉన్నాడు. గుమ్మం నుంచి వీధి దాకా నడిస్తే కూర్చుంటాడు. ఫోనులో తక్కువ మాట్లాడతాడు. "బాగుండావాప్పా?" అంటాడు, అంతే, తర్వాత ఆయన ఊపిరే వినపడుతుంది.

ఆ రోజు గురించి ఎవరికీ చెప్పనిది ఒకటి ఉంది. ఇన్వర్టరు గది తలుపు తెరుచుకున్నాక నేను ఆయన్ని లోపలికి లాగాను. ఆయన రాలేదు. గడప దగ్గర గట్టిగా నిలబడిపోయాడు. ఊపిరి లేదు, కళ్ళు తేలిపోతున్నాయి, ఎందుకు ఆగాడో నాకు అర్థం కాలేదు. తలుపు మీద బోర్డు ఉంది, పాదరక్షలు బయట విడవాలని. ఆయన అది చదివాడు. నా భుజం పట్టుకుని వంగాడు. ఒక బూటు లేసు విప్పాడు, తర్వాత రెండోది. నేను తిడుతున్నాను, ఈరమ్మ ఏడుస్తోంది. ఆయన రెండు బూట్లూ మడమలు కలిపి గోడ పక్కన వరసగా పెట్టి, అప్పుడు లోపలికి అడుగు వేశాడు.